అద్దాల బీరువాలో అప్పడాల కర్ర

మా అమ్మ అప్పడాల కర్ర మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఒక షోరూములో కనిపించింది. అద్దాల బీరువాలో, నీలం మఖమలు గుడ్డ మీద, రెండు చిన్న బల్బుల వెలుగులో ఉంది. దాని కింద బంగారు రంగు అక్షరాలతో మా నాన్న పేరు రాసి ఉంది. ఆ రోజు మొదలు నాకు ఒళ్ళు మండుతూనే ఉంది. బీపీ మాత్ర వేసుకున్నాను, చల్లటి మజ్జిగ తాగాను, ఏ పాపమూ ఎరగని మా ఇంటాయన మీద కేకలు వేశాను. తగ్గలేదు. తగ్గేదాకా ఆగడం నా వల్ల కాదు గనక కోపంగా ఉండగానే రాస్తున్నాను. చదివేవాళ్ళు కాస్త సర్దుకోవాలి.

షోరూము కిరణ్‌ది. వాళ్ళ తాతగారు వెంకటప్పయ్య గారి రైసు మిల్లులో మా నాన్న వీరభద్రం ఫిట్టరుగా పనిచేశాడు. మిల్లు పోయి చాలా కాలమైంది. మనవడు ఇప్పుడు బేరింగుల వ్యాపారం చేస్తున్నాడు. కొత్త షోరూము తెరుస్తున్నాననీ, అందులో ఒక గోడంతా తాతగారి మిల్లు నాటి సామాను పెట్టాననీ, రిబ్బను నేనే కత్తిరించాలనీ ఫోను చేశాడు. "మామ్మగారిని కూడా తీసుకురండి ఆంటీ, శాలువా కప్పుదాం. వీరభద్రం మేస్త్రి గారి భార్యగా ఆవిడకా గౌరవం దక్కాలి కదండీ," అన్నాడు. మంచి కుర్రాడే. భార్యగా అన్న మాట అప్పుడే చెవిలో గుచ్చుకోవాల్సింది. గుచ్చుకోలేదు.

ఆ మిల్లు పామర్రు అవతల కాలవ గట్టు మీద ఉండేది. మిల్లు వెనక గోడకు ఆనుకుని రెండు గదుల ఇల్లు మాది. నా చిన్నతనమంతా ఆ గోడ వణుకుతూనే ఉంది. పొద్దున్నే మోటారు వేయగానే గూట్లో ఉన్న గ్లాసులు సన్నగా మోగడం మొదలుపెట్టేవి. మంచినీళ్ళ బిందెలో నీళ్ళ మీద చిన్న చిన్న వలయాలు లేచేవి. ఉప్పుడు బియ్యానికి నానబెట్టిన వడ్ల పులుపు వాసన, ఊక కాలిన వాసన, తవుడు వాసన, వీటన్నిటి మీదా గ్రీజు వాసన. బడికి వెళ్తే పక్కపిల్లలు ముక్కు మూసుకునేవారు గాని నాకు అది మా నాన్న వాసన. కరెంటు పోయి మిల్లు ఆగిపోతే ఉయ్యాల్లో మా తమ్ముడు లేచి ఏడ్చేవాడు. వాడికి చప్పుడు ఉంటేనే నిద్ర.

మా తాత ఎడ్లబళ్ళు చేసేవాడు. చక్రం తిరిగే చోట ఇరుసు అరిగిపోకుండా ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి కందెన నూరేవాడు. వెదురు గొట్టంలో ఆ కందెన బండి కింద వేలాడుతూ ఉండేది. మా నాన్న చేతికి పని వచ్చేసరికి ఊళ్ళల్లోకి ఆయిలు ఇంజన్లు వచ్చాయి. వాటిలో ఇరుసు తిరిగే చోట బుష్షులు, అంటే లోహపు గొట్టాలు. తెల్ల లోహం కరిగించి, అచ్చులో పోసి, చల్లారాక షాఫ్టుకు, అంటే ఇంజను ఇరుసుకు, సరిపోయేదాకా గీకి గీకి కూర్చోబెట్టాలి. ఆ పనిలో మా నాన్న చెయ్యి చూసి పెద్ద పెద్ద మేస్త్రులు మెచ్చుకునేవారట. ఆ తరువాత బాల్ బేరింగులు వచ్చాయి. రెండు ఇనప వలయాలు, మధ్యలో నున్నటి గుళ్ళు, అంతే. బండి ఇరుసు నుంచి ఇక్కడిదాకా ఉన్న చిక్కు ఒకటే, తిరిగేది తిరగాలి, మోసేది అరగకూడదు. కొత్త బేరింగు నూనె కాగితంలో చుట్టి వచ్చేది. మా నాన్న ఆ కాగితం విప్పేటప్పుడు చేతులు కడుక్కుని, తుడుచుకుని, కింద శుభ్రమైన పంచె పరిచేవాడు. అన్నం తినేటప్పుడు కూడా అంత శుభ్రంగా కడుక్కోడని అమ్మ అనేది.

ఆ బేరింగును షాఫ్టు మీదికి సుత్తితో కొట్టి ఎక్కించకూడదు. నూనెలో వేడిచేస్తే కాస్త విప్పారి దానంతటదే జారి కూర్చుంటుంది. నూనె కాచడానికి మా నాన్నకు ఊరంతటిలో దొరికిన పాత్ర మా అమ్మ బాణలి. పండగకు గారెలు వండే బాణలిలో మిషను నూనె పోసి, అందులో బేరింగు వేసి, మా పొయ్యి మీదే కాచేవాడు. ఆ తరువాత అమ్మ చింతపండు, బూడిద, ఇటుక పొడి పెట్టి ఎంత తోమినా ఆ పండగ గారెలు మిల్లు వాసనే వేసేవి. దానికి బదులుగా మాకు దక్కినవి పాడైపోయిన బేరింగులు. వాటిని పగలగొట్టి గుళ్ళు మేం గోలీలాడుకునేవాళ్ళం. చిన్న వలయాలు నాకు గాజులు. పెద్ద వలయం ఒకటి పెరుగు కుండకు కుదురు. ఆ కుదురు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, నీళ్ళ కూజా కింద.

ఇక అప్పడాల కర్ర సంగతి. మా అమ్మ రత్తమ్మది కొండపల్లి. వాళ్ళ పక్కింట్లో బొమ్మలు చేసే ఆయన, బొమ్మలకు తేలికైన పొణికి కర్ర వాడేవాడు గాని, అమ్మ కాపురానికి వస్తుంటే మాత్రం గట్టి చింతచేవతో అప్పడాల కర్ర చేసి ఇచ్చాడట. అమ్మ మధ్యాహ్నాలు ఆ వెనక గోడ పక్కనే కూర్చుని మినప్పిండి అప్పడాలు ఒత్తేది. పీట నేల మీద, నేల మిల్లుది, పీట మీద కర్ర, కర్ర మీద అమ్మ రెండు చేతులు. మిల్లులో ఏం జరుగుతున్నా ఆ చేతులకు తెలిసేది. ఒకరోజు ఒత్తుతూ ఒత్తుతూ ఆగి, కర్ర ఒక కొస గోడకు ఆనించి రెండో కొస చెవి వెనక ఎముకకు ఆనించుకుంది. నాన్న అన్నానికి రాగానే చెప్పింది.

"ఏవండీ, ఆ చివర షాఫ్టు దగ్గర ఏదో గింజ నలుగుతున్నట్టుంది చూడండి."

"అప్పడాలొత్తుకోక నీకెందుకే మిల్లు సంగతి?" అన్నాడు నాన్న.

సాయంత్రానికి ఆ బేరింగు బిగుసుకుపోయింది. అంతకుముందే మా నాన్నకు చెవులు మందగించాయి. సుత్తి దెబ్బలూ వడ్లు దంచే హల్లర్ల రొదా తినేశాయి. ఇంట్లో పిలవాలంటే భుజం తట్టాల్సి వచ్చేది. బేరింగు పాడయ్యే ముందు చేసే సన్నటి కూత ఆయనకు వినపడే ప్రసక్తే లేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, అమ్మకు తెలుసు. అందుకని ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక ఏర్పాటు మొదలైంది.

ఆడవాళ్ళు మిషన్ల దగ్గరికి రాకూడదని వెంకటప్పయ్య గారి ఆజ్ఞ. చీరె కొంగు బెల్టులో పడుతుందన్నది సాకు. అందులో నిజమూ ఉంది, కాదనను. కాని మిల్లు మహాలక్ష్మి, ఆడగాలి తగలకూడదని కూడా అనేవారు. మహాలక్ష్మికి ఆడగాలి తగలకూడదట! అందుకని మధ్యాహ్నం కూలీలందరూ కాలవ గట్టు మీద చెట్ల కింద అన్నాలు తింటున్నప్పుడు, వడ్లు పోయకుండా షాఫ్టు ఖాళీగా తిరుగుతున్నప్పుడు, అమ్మ క్యారియరు పట్టుకుని వెళ్ళేది. క్యారియరు సంచిలో అప్పడాల కర్ర ఉండేది. కొంగు నడుముకు బిగించి, జడ చుట్టి ముడి వేసుకుని, ఒక్కో బేరింగు దగ్గర వంగి, కర్ర ఒక కొస దాన్ని బిగించిన ఇనప పెట్టె మీద, రెండో కొస చెవి వెనక పెట్టుకుని, కళ్ళు మూసుకునేది. నేను గుమ్మం దగ్గర కాపలా. "ఇది బాగుంది. ఇది బాగుంది. దీనికి దాహంగా ఉంది, గ్రీజు పెట్టండి. దీని లోపల మట్టి పడింది, కడగండి." మా నాన్న వెనకాలే సుద్దముక్కతో గుర్తులు పెట్టుకునేవాడు. ఆ తరువాత క్యారియరు విప్పి అన్నం తినేవాడు. సాయంత్రం ఓనరు గారు వచ్చినప్పుడు ఒక పెద్ద స్క్రూడ్రైవరు చెవికి ఆనించుకుని, నుదురు చిట్లించి, మధ్యాహ్నం అమ్మ చెప్పినదాన్ని అప్పుడే కనిపెట్టినట్టు చెప్పేవాడు. నేను అది ఎన్నిసార్లో చూశాను. నవ్వొచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

ఒక ఏడాది సార్వా వడ్లు మిల్లు నిండా ఉన్నాయి. నాన్న కొత్త బేరింగు ఒకటి తనే వేశాడు. ముచ్చటపడి దాని నిండా గ్రీజు కూరాడు. మా డెల్టా వాళ్ళకు ఇదొక రోగం. ఇంటికి వచ్చినవాడికి విస్తట్లో చోటు లేకుండా వడ్డిస్తేనే మర్యాద చేసినట్టు. బేరింగుకు ఆ మర్యాద పనికిరాదు. సగానికి తక్కువ పెట్టి మిగతాది ఖాళీగా వదలాలి. లేకపోతే గుళ్ళు ఆ గ్రీజులోనే ఈదలేక వేడెక్కుతాయి. రెండో రోజు మధ్యాహ్నం అమ్మ కర్ర ఆనించి వినగానే తల అడ్డంగా ఊపింది. చేత్తో ముట్టుకుని వెంటనే తీసేసింది.

"ఇది మూగగా తిరుగుతోందండీ. ఒళ్ళు కాలిపోతోంది. విప్పి సగం తీసెయ్యండి."

"నేను స్వయంగా వేసిందే అది. నిన్నగాక మొన్న వేశాను. దానికేం రోగం?"

"ఎవరు వేశారని అది చూస్తుందా?"

నాన్నకు కోపం వచ్చింది. ఆ రోజు అన్నం సగంలో వదిలేసి లేచాడు. అమ్మ మర్నాడు కూడా చెప్పింది. విననే లేదు. ఆ మర్నాడు అది బిగుసుకుపోయి, బెల్టు తెగి, పాములా లేచి గోడకు కొట్టింది. గచ్చు ఊడి పడింది. అక్కడే నిలబడి వడ్లు పోసే మస్తాను నీళ్ళు తాగడానికి రెండడుగులు పక్కకు వెళ్ళాడు గనక బతికాడు. మిల్లు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో వెంకటప్పయ్య గారి అరుపులు మా ఇంట్లోకి స్పష్టంగా వినిపించాయి. తమ్ముడు లేచి ఏడుపు మొదలుపెట్టాడు. అమ్మ అప్పడాలు ఒత్తుతోంది. నేను పక్కనే ఉండలు చేస్తున్నాను.

"ఏవయ్యా మేస్త్రీ, మనిషి చచ్చేవాడు గదయ్యా! నువ్వేం చేస్తన్నట్టు?"

నాన్న గొంతు వినపడింది. చెవుడున్నవాళ్ళకు మామూలుగా ఉండే పెద్ద గొంతు.

"రెండ్రోజుల్నించీ నాకు తేడాగా వినపడతానే ఉందండి. సీజనులో మిల్లు ఆపమంటే తమరు ఆపరని ఊరుకున్నాను."

తరువాత వెంకటప్పయ్య గారు తగ్గిన గొంతుతో, "రెండ్రోజుల ముందే విన్నావా? రెండ్రోజుల ముందే!" అన్నారు. ఆ తరువాత అక్కడున్న అందరికీ చెప్పారు. "చూశారంట్రా, ఈయనకి మనుషుల మాట వినపడదు గాని మిషను మాట వినపడుద్ది!"

అమ్మ చేతిలో కర్ర ఆగింది. అప్పడం సగం గుండ్రంగా, సగం గుండ్రం కాకుండా ఉంది. నేను ఆవిడ ముఖం చూశాను. ఆవిడ నా ముఖం చూడలేదు. మళ్ళీ ఒత్తడం మొదలుపెట్టింది. ఆ పూట ఒత్తిన అప్పడాలన్నీ కాగితంలా పల్చగా వచ్చాయి.

ఆ ఒక్క మాటతో మా నాన్న పేరు కృష్ణా జిల్లా మిల్లులన్నిటికీ పాకింది. కార్లు పంపించి పిలిపించుకునేవారు. అమ్మ కూడా వెళ్ళేది. ఊరు చూడటానికి, గుడికి, చుట్టాలింటికి అని పేరు. క్యారియరు సంచి వెంట ఉండేది. కొన్నాళ్ళకు నాన్న ఆ కర్రను తన పనిముట్ల పెట్టెలోనే పెట్టేసుకున్నాడు. అమ్మ ఇంట్లో గాజు సీసాతో అప్పడాలు ఒత్తుకునేది. నాన్న పోయాక పెట్టె మిల్లులోనే ఉండిపోయింది. అమ్మ మనిషిని పంపించి కర్ర ఒక్కటి ఇవ్వమని అడిగితే, పాత ఇనుముతో పాటు పోయిందేమోనన్నారు.

పోలేదు. షోరూములో ఉంది. రిబ్బను కత్తిరించి లోపలికి వెళ్ళగానే కిరణ్ మమ్మల్ని సరాసరి ఆ బీరువా దగ్గరికే తీసుకెళ్ళాడు. బంగారు అక్షరాలు చదివాను. "రెండు రోజుల ముందే విన్న చెవి ఇది. బేరింగు మేస్త్రి వీరభద్రం గారు యంత్రాల రోగం కనిపెట్టిన కర్ర." పక్కన ఒక చిన్న పరికరం పెట్టి ఉంది. బేరింగుకు అతికిస్తే దాని వణుకు కనిపెట్టి ఫోనుకు కబురు పంపుతుందట. కిరణ్ అందరికీ వివరిస్తున్నాడు. "మీ తల మీద ఫ్యానులో ఈ బేరింగే, మిక్సీలో ఇదే, మీరొచ్చిన ఆటో చక్రంలో, పైకెక్కిన లిఫ్టులో ఇదే. పని చేసినంత కాలం ఎవరూ పట్టించుకోరండి. ఆగిపోతేనే గుర్తొస్తుంది." అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చెంప పగలగొట్టాలనిపించింది.

అమ్మకు ఎనభై నాలుగేళ్ళు. ఆ మిల్లు గోడ పక్క గడిపిన ఏళ్ళకో, వయసుకో, చెవులు ఇంచుమించు పోయాయి. చప్పట్లూ వినపడలేదు, ఉపన్యాసమూ వినపడలేదు. కాని కళ్ళు బాగా కనిపిస్తాయి. అద్దానికి ముక్కు ఆనించి చూసి గట్టిగా అంది, "ఇదేంటే పద్మా, నా అప్పడాల కర్ర! ఇదిగో పొయ్యిలో కాలిన మచ్చ. ఎన్నేళ్ళు వెతికానే దీని కోసం!"

నేను కిరణ్ వైపు తిరిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఎవరు రాయించారయ్యా ఇది? ఎవరి చెవి అని రాశావు? మా నాన్నకు పక్కన బాంబు పడినా వినపడేది కాదు. విన్నది మా అమ్మ. ఒక్కరినైనా అడగకుండా బంగారు అక్షరాలు పోయించేస్తావా?"

పాపం, కిరణ్ ముఖం పాలిపోయింది. ఫోను తీసి ఏదో చూపించాడు.

"ఇది మీరు రాసిందే కదండీ ఆంటీ. ఆ మొదటి వాక్యం మీ వ్యాసంలోదే. ఒక్క అక్షరం మార్చలేదండి."

నేను రాసిందే. పెళ్ళైన కొత్తలో ఒక పత్రికకు మా నాన్న మీద వ్యాసం రాశాను. నన్ను నలుగురూ రచయిత్రి అనడం దాంతోనే మొదలైంది. చెవిటి తండ్రి, మిషను భాష విన్న తండ్రి. ఎంత బాగుంటుందో చెప్పండి కథ! అందులో అమ్మ ఒకే ఒక్క చోట వస్తుంది, క్యారియరు తెచ్చినప్పుడు. గుమ్మం దగ్గర కాపలా కాసిన పిల్లని, గోడ ఇవతల కూర్చుని అబద్ధం విన్న పిల్లని, అన్నీ చూసినదాన్ని నేను. వెంకటప్పయ్య గారు తెలియక అన్నారు. కిరణ్ చదివి నమ్మాడు. నాన్న భయపడి అన్నాడు. నేను మాత్రం తెలిసి రాశాను, మెప్పు కోసం రాశాను. ఇన్నాళ్ళూ ఆ వ్యాసాన్ని నా మంచి రచనల్లో మొదటిదని చెప్పుకుంటున్నాను కూడా. సిగ్గుండాలి.

కిరణ్ బీరువా తెరిచి కర్ర తీసి అమ్మ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, కౌంటరు మీద నమూనాకు పెట్టిన మోటారు దగ్గరికి వెళ్ళింది. కొత్త బేరింగు మెరుస్తూ తిరుగుతోంది. ఒక కొస దాని పెట్టె మీద, రెండో కొస చెవి వెనక ఎముక మీద పెట్టి కళ్ళు మూసుకుంది. హియరింగ్ ఎయిడ్ పెట్టినా మా మాటలు వినపడని మనిషి, ఎంతసేపటికీ కళ్ళు తెరవలేదు. తరువాత చెయ్యి పెట్టి చూసి నాన్నతో అన్నట్టే అంది.

"ఇది మూగగా తిరుగుతోంది. గ్రీజు కూరేశారు. విప్పి సగం తీసెయ్యమను."

షోరూము మెకానిక్ వచ్చి ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "వేడిగానే ఉందండి," అన్నాడు మెల్లగా. ఈ సంగతి ముందే చెప్పాల్సిన ఆ చిన్న పరికరానికి ఇంకా ఫోను కలపలేదట. శాలువా కప్పారు. అమ్మ శాలువాను మడిచి నాకిచ్చి, కర్రను సంచిలో పెట్టుకుంది. కిరణ్ ఆ బంగారు అక్షరాలు తీయించేశాడు. కొత్తగా ఏం రాయమంటారని రోజూ ఫోను చేస్తున్నాడు.

ఇప్పటిదాకా రాసిన ఈ కాగితాలు నిన్న అమ్మకిచ్చాను. మాట వినపడదు గాని చదువుతుంది, కాస్త నెమ్మదిగా, వేలు పెట్టుకుని. మధ్యాహ్నమంతా చదివింది. నేను వంటింట్లో ఉన్నట్టు నటిస్తూ ఆవిడనే చూస్తున్నాను. బెల్టు తెగిన చోట వేలు చాలాసేపు ఆగింది. చివరికి కళ్ళజోడు తీసి కాగితాలు సర్ది నా చేతికిచ్చింది.

"బాగానే ఉంది," అంది. "మీ నాన్న ఉండగా రాసుండాల్సింది. ఆయన చదవాల్సింది."

అని, పీట ముందుకు లాక్కుని, అప్పడాల పిండి తెమ్మంది.